వేడినీళ్ళ లెక్క

బల్ల మీద మూడో చెంబు నీళ్ళు కుమ్మరించి అరచేత్తో రెండు దెబ్బలు చరిచాడు గిల్మాన్. రెగ్జిన్ తొడిగిన బల్ల మీద తడి చెయ్యి చేసే ఆ చప్పుడు స్నానశాల నాలుగు గోడలకూ తగిలి తిరిగొస్తుంది. తర్వాతివాడు రావచ్చని దానికి అర్థం. వేడి తొట్టిలో మెడదాకా మునిగి ఉన్న చేపల వేలంపాటగాడు లేచి, ఒంటినిండా పొగలతో నడిచొచ్చి, అలవాటైన పశువులా బోర్లా పడుకున్నాడు.

"పోయినవారం వీపంతా గీతలు పెట్టావన్నా. ఇవి ఎవతె గోళ్ళని మా ఆవిడ నిలదీసింది."

"నా పేరు చెప్పకపోయావా?"

"చెప్పాను. నమ్మలేదు."

"ఎందుకు నమ్మదు? నీ మొహానికి వేరే గోళ్ళు ఎక్కడ దొరుకుతాయి. కదలకు."

నవ్వకుండానే అన్నాడు. పనిలో ఉండగా గిల్మాన్ నవ్వడు. కుడిచేతికి గరుకు గుడ్డసంచీ తొడిగి, మణికట్టు దగ్గర ఒక మెలిక తిప్పి, ఎడమ మడమ దగ్గర మొదలుపెట్టాడు. మడమ, పిక్క, మోకాలి వెనక, తొడ. ఎప్పుడూ కింది నుంచి పైకి, గుండె వైపుకే. బూడిదరంగు మట్టి వత్తులు వత్తులుగా లేచి బల్ల అంచు మీద నుంచి జారిపోయింది. పద్నాలుగో ఏట ఇదే స్నానశాలలో అతనికి ఒళ్ళు రుద్దే పని నేర్పిన ముసలాయన అలాగే నేర్పాడు. పైకే ఎందుకు రుద్దాలని అడిగితే చెంప మీద ఒకటిచ్చాడు. దానికి కారణం ఉందని తెలియడానికి నలభై ఏడేళ్ళూ, ఒక జబ్బూ పట్టాయి.

గున్సాన్ రేవుకు ఎదురుగా ఉన్న చిన్న దీవిలో పుట్టాడు గిల్మాన్. నాలుగో తరగతిలో ఉండగా తండ్రి పడవ మునిగింది, బడి కూడా దాంతోపాటే మునిగింది. స్నానశాల బాయిలరు గదిలో ఆరేళ్ళు బొగ్గు ఎత్తాక, నేర్పిన ముసలాయన చేతులు వంకర్లు పోతే, బల్ల అతనిదయింది. అప్పటి నుంచి ఈ ఊరి మగవాళ్ళ ఒళ్ళు అతనికి తెలిసినంతగా వాళ్ళ పెళ్ళాలకు తెలియవు. ఎవడికి వీపు మీద పుట్టుమచ్చ పెరుగుతోందో, ఎవడు తాగుడు మానేశానని అబద్ధం చెబుతున్నాడో, ఎవడి కాళ్ళకు నీరు దిగుతోందో చెయ్యి పడగానే చెప్పేస్తాడు. ఇంతా తెలిసినవాడికి పెళ్ళాం ఎనిమిదేళ్ళకు మించి నిలవలేదు. "పొద్దంతా ఊరందరినీ తాకి వస్తావు, ఇంటికొచ్చేసరికి ఆ చేతులు చచ్చిపోయి ఉంటాయి" అని, పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. అది నిజమే. నిజం చెప్పినవాళ్ళతో వాదించడం అతనికి చేతకాదు.

పొట్టి మనిషి. వయసు అరవై ఒకటి. ఒంటిమీద నల్ల లాగు తప్ప ఏమీ ఉండదు. ఛాతీ పీపాలా ఉంటుంది, వేళ్ళ కొసలు నీళ్ళలో నాని ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉంటాయి. అటువంటి ఛాతీలో ఉన్న గుండె నాలుగు నెలల కిందట మొండికేసింది.

మొదట దగ్గు వచ్చింది. తర్వాత మెట్ల దగ్గర ఆయాసం. తర్వాత పడుకుంటే ఊపిరి ఆడడం మానేసింది. గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు. చెప్పులు బిగుసుకుపోయాయి. పెద్దాసుపత్రిలో చిన్నవయసు డాక్టరమ్మ ఒకామె అతని కాలిమీద బొటనవేలితో నొక్కి, పడిన గుంట ఎంతసేపటికి నిండుతుందో చూసింది. ఆ పని తను నలభై ఏళ్ళుగా చేస్తున్నానని అతను చెప్పలేదు.

గుండె అలిసిపోయిన పంపు అని చెప్పి, కాగితం మీద ఒక సంచీ, దాన్నుంచి బయటికి పోయే గొట్టాలు గీసిందామె. గొట్టాలు ఇరుకైతే పంపు ఎంత తోసినా రక్తం ముందుకు సాగదు. వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లో ఊటలా నీరు చేరుతుంది. ఈ మాత్రలు ఆ గొట్టాలను వదులు చేస్తాయి. పంపుకు కొత్త బలం ఏమీ ఇవ్వవు. దాని ఎదురుగా ఉన్న అడ్డు తీస్తాయి, అంతే. గిల్మాన్‌కు వెంటనే అర్థమైంది. చదువుకున్నవాళ్ళకంటే త్వరగా అర్థమైందనే అతని నమ్మకం. బాయిలరు గదిలో ఆరేళ్ళు బతికినవాడికి పంపుల సంగతి ఒకరు చెప్పాలా.

మాత్రలు అబద్ధం ఆడలేదు. మూడో రోజుకు వెల్లకిలా పడుకున్నాడు. చచ్చిన చేపల్లా చల్లగా ఉండే పాదాలు వెచ్చబడ్డాయి. కాలివేళ్ళ గోళ్ళ కింద గులాబీరంగు తిరిగొచ్చింది. వారానికి చెప్పులు వదులయ్యాయి. తన కాళ్ళను తనే పట్టుకుని, ఎవరిదో కొత్త ఒళ్ళు చూసినట్టు చూసుకున్నాడు.

చిక్కంతా ఆమె అడిగిన చివరి ప్రశ్నతో వచ్చింది. ఏం పని చేస్తావు అని. "కట్టడాలు కడుగుతా" అన్నాడు. వేడి తొట్టెలూ ఆవిరి గదులూ వద్దని చెప్పిందామె. మాత్ర గొట్టాలను తెరుస్తుంది, వేడీ తెరుస్తుంది. రెండూ ఒక్కసారే తెరిస్తే రక్తం కాళ్ళలోకి జారిపోయి తలకు అందదు, నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోతాడు. సరేనన్నాడు. నిజం చెబితే ఆమె కాగితం మీద ఇంకొక మాట రాస్తుందని అతనికి తెలుసు. బల్ల పోతే అతనికి మిగిలేది రొట్టెల కొట్టు మీది అద్దెగది, అందులో ఒక కిటికీ.

ఆమె చెప్పినట్టే అయింది. పని మొదలుపెట్టిన రెండోరోజే వంగినవాడు లేవబోయి, తల డొల్లగా అయిపోయి, బల్ల మీదివాడి తొడ పట్టుకున్నాడు. వాడు బూతులు తిట్టాడు. నాలుగోరోజు మోకాళ్ళ మీద కూలాడు. యజమానురాలు మల్సున్ ఆడవాళ్ళ వైపుకూ మగవాళ్ళ వైపుకూ మధ్య కిటికీలో కూర్చుంటుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, నోరు పెద్దదేగానీ చెడ్డది కాదు. ఆ సాయంత్రం అతన్ని పిలిచి, "చూడు గిల్మాన్, నా స్నానశాలలో ఇంతవరకూ ఎవడూ చావలేదు. ఇంకొక్కసారి పడ్డావో, ఆ బల్ల వేరేవాడికి ఇచ్చేస్తాను. ఏడ్చుకుంటూ ఇస్తాను, కానీ ఇస్తాను" అంది.

అప్పుడు తట్టింది అతనికి ఆ లెక్క. మాత్ర చేసే పనే వేడి కూడా చేస్తుందని డాక్టరమ్మ నోటితోనే చెప్పింది. అలాంటప్పుడు రోజుకు పదకొండు గంటలు ఆవిరిలో నిలబడేవాడికి వేరే మాత్ర ఎందుకు? వేడే అతని మాత్ర. పని ఉన్న ఆరు రోజులూ మానేశాడు. స్నానశాల మూసి ఉండే మంగళవారం మాత్రం పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఆమె చెప్పినట్టే మింగేవాడు. పని అయ్యాక వెంటనే చలిలోకి పోకుండా బట్టలు మార్చుకునే గదిలో గంటసేపు కూర్చుని, బార్లీ నీళ్ళు తాగి, ఒళ్ళు నెమ్మదిగా చల్లారాక ఇంటికి పోయేవాడు. రెండు నెలలయింది. ఒక్కసారీ పడలేదు. సోమవారం వచ్చేసరికి తలకింద రెండో దిండు అవసరమయ్యేది. దాన్ని అతను లెక్కలో వేసుకోలేదు.

ఈ రోజు సోమవారం.

పది గంటలకు కొంచెం ఖాళీ దొరికితే గిల్మాన్ వచ్చి మంగలి సాంగ్‌బోక్ దగ్గర కూర్చున్నాడు. బట్టలు మార్చుకునే గదిలో ఒక మూల అద్దం, కుర్చీ పెట్టుకుని ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు వాడు. తలకు రంగేసుకోని మంగలి ఈ ఊళ్ళో వాడొక్కడే.

"బయట ఎముకలు కొరికే చలిరా. పెరట్లో కుళాయి గడ్డకట్టింది" అన్నాడు సాంగ్‌బోక్.

"నాకేం. నేను వేసవిలో ఉన్నాను."

"నీ మొహం చూస్తే అలా లేదు. మాత్రలు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా."

"అబద్ధమాడితే నీ గడ్డం ఎడమ చెంప నేను గీస్తా, కుడి చెంప దేవుడు గీస్తాడు."

"నీ కత్తికి మొక్కేవాడు దేవుణ్ణి వేరే పిలవక్కర్లేదులే" అని లేచాడు. లేవడంలో తొందరపడలేదు. ముందు మోకాళ్ళు, తర్వాత నడుము, చివరికి తల. లేవడం ఎలాగో అతను మళ్ళీ కొత్తగా నేర్చుకున్నాడు. అందులోనూ తనకు సాటి లేరనుకున్నాడు.

పదకొండింటికి ఛే పెద్దాయన వచ్చాడు. రేవులోకి పెద్ద ఓడలను దారి చూపి తీసుకొచ్చే పని చేసి దిగిపోయినవాడు, ఎనభై నాలుగేళ్ళవాడు. నెలకొకసారి కూతురు తీసుకొస్తుంది. మగవాళ్ళ వైపు తెర దాకానే ఆమె రాగలదు. అక్కడ తండ్రి చెయ్యి విడిపించి గిల్మాన్ చేతిలో పెడుతుంది. పెళ్ళికూతుర్ని అప్పగించినట్టు ఉంటుంది ఆ పని.

"బాబాయ్, నాన్నకు పోయిన వారం నుంచి మాత్ర డోసు పెంచారు" అంది తెర బయట నుంచే. "రక్తనాళాలు వెడల్పు చేసే మాత్ర. పొద్దున వేసుకున్నాడు. చూసుకుంటావుగా."

"మీరు కిటికీ దగ్గర కూర్చుని టీ తాగండమ్మా. నాన్నను కడిగిన గాజుసీసాలా ఇస్తాను."

బట్టలు విప్పుతుంటేనే చూశాడు. మాత్ర పనిచేస్తున్న ఒళ్ళు వేరుగా ఉంటుంది. పోయిన నెల నీలంగా ఉన్న పెదవులు ఇప్పుడు ఎర్రబడ్డాయి. పాదాలు వెచ్చగా ఉన్నాయి. పిక్క మీద బొటనవేలు నొక్కితే పడ్డ గుంట లోతు తక్కువ. మంచి మాటే. అయితే బల్ల మీద నుంచి చెయ్యి తీయగానే పెద్దాయన ఒకవైపుకు ఊగాడు, తెడ్డు వదిలేసిన పడవలా. గిల్మాన్ నడుం పట్టుకున్నాడు.

పెద్దాయన కళ్ళు వేడి తొట్టి మీద ఉన్నాయి.

"ముందు అందులో దించు."

"ఈ రోజు వద్దు."

"వద్దా? నెలకొకసారి వచ్చేది ఆ నీళ్ళ కోసమేనయ్యా. నీ మొహం చూడ్డానికి వస్తాననుకున్నావా?"

"మీకు నీళ్ళు కావాలి, అంతేగా. మీరు అక్కడికి పోవద్దు, అవే మీ దగ్గరికి వస్తాయి."

బల్ల మీద పడుకోబెట్టి, కాళ్ళ కింద తిరగేసిన బకెట్టు పెట్టి ఎత్తాడు. తొట్టిలో నీళ్ళు చెంబుతో తెచ్చి, చల్లనీళ్ళు కలిపి గోరువెచ్చగా చేసి, పాదాల నుంచి మొదలుపెట్టి కొద్దికొద్దిగా పోశాడు. మధ్యమధ్యలో ముంజేతి నరం మీద రెండు వేళ్ళు పెట్టి ఆగాడు. పెద్దాయన కాసేపు గొణిగి, తర్వాత కళ్ళు మూసుకున్నాడు. గుడ్డసంచీ కూడా మెత్తగా, గడపకు పసుపు రాసినంత మెత్తగా నడిపించాడు. రుద్దిన దారిలో చర్మం వెంటనే ఎర్రబారి, ఆ ఎరుపు చాలాసేపు పోకుండా నిలిచింది.

"ఇవన్నీ ఎక్కడ నేర్చావు?" అన్నాడు పెద్దాయన కళ్ళు తెరవకుండానే. "పోయిన నెల నన్ను రొయ్యను ఉడకేసినట్టు ఉడకేశావు."

గిల్మాన్ చెంబు దింపాడు. ఎవరికీ చెప్పని మాట. తెల్లగా పలచబడ్డ జుట్టుతో, బట్టల్లేకుండా తన ముందు పడుకున్న మనిషికి చెప్పడం తేలికనిపించింది.

"నాక్కూడా అవే మాత్రలు రాసింది పెద్దాయనా, ఆసుపత్రిలో ఒక డాక్టరు పిల్ల. కట్టడాలు కడుగుతానని చెప్పాను ఆమెకు."

కళ్ళు తెరుచుకున్నాయి. "మరి ఈ పొగల్లో ఏం చేస్తున్నావు?"

"అదే నా మందు. పని ఉన్న రోజు మాత్ర మానేస్తాను. వేడి గొట్టాలు తెరుస్తుంది, గుండె తేలిగ్గా తోస్తుంది. రెండు నెలలనుంచి గోడలా నిలబడి ఉన్నాను."

పెద్దాయన చూపు పైకప్పుకు పట్టిన ఆవిరి బొట్ల మీదికి తిరిగింది.

"నలభై ఏళ్ళు ఓడలు తెచ్చాను" అన్నాడు. "పోటు మీద లోపలికి తేవడం ఎవడైనా చేస్తాడు. ఓడ కింద నీళ్ళు ఉన్నంతసేపూ అందరూ మొనగాళ్ళే. నీళ్ళు వెనక్కి తీసే పాటు ఎప్పుడు మొదలవుతుందో తెలిసినవాడే పనివాడు. ఇక్కడి నుంచి బయటికి అడుగు పెట్టగానే నీ గొట్టాలు ఏమవుతాయయ్యా?"

"వెంటనే బయటికి పోను. గంటసేపు కూర్చుంటాను. ఆ ఏర్పాటు చేసుకున్నాను."

"రోజూ?"

"రోజూ."

"ఒక్కరోజు కూర్చోలేకపోతే?"

గిల్మాన్ దగ్గర జవాబుంది. ఆ రోజు ఇంతవరకూ రాలేదు. అది అనేలోపే పెద్దాయన తడి చెయ్యి జాపి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"రేపు సెలవేగా. ఆసుపత్రికి పోయి ఆ పిల్లతో నువ్వు చేసే పనేమిటో చెప్పు. బల్ల తీసేస్తుందని భయమా? ఆమె తెలివైనదైతే, వేడికి తగ్గట్టు మాత్ర తగ్గించి ఇస్తుంది, వేళ మార్చి ఇస్తుంది. చెప్పకపోతే ఆమె ఎవరికి మందిస్తున్నట్టు? గోడలు కడిగేవాడికి."

గిల్మాన్‌కు నవ్వొచ్చింది, పనిలో ఉండి కూడా. ఇంత సులువైన సంగతి తన లెక్కలో రాకపోవడం వింతగా తోచింది. వేళ మార్చవచ్చు. తగ్గించవచ్చు. బల్ల పోతుందనే ఒకే ఒక్క భయం మీద రెండు నెలలు మేడ కట్టాడు తను. "చెప్తా పెద్దాయనా. రేపే పోతా" అన్నాడు. మనస్ఫూర్తిగా అన్నాడు. పెద్దాయన్ను మూడు అంచెల్లో లేపి, తువ్వాలు చుట్టి, తెర దగ్గర కూతురి చేతిలో పెట్టాడు. ఆమె తండ్రి బుగ్గల రంగు చూసి తల వంచి దణ్ణం పెట్టింది. ఆ మధ్యాహ్నమంతా అతని చెయ్యి ఎప్పుడూ లేనంత బాగా సాగింది. తొమ్మిదిమందిని రుద్దాడు. వాళ్ళలో ఒకడు బల్ల మీదే గురకపెట్టాడు. ఈ పనిలో అంతకుమించిన మెప్పు లేదు.

నాలుగింటికి మల్సున్ కిటికీలోంచి కేకేసింది.

"గిల్మాన్, బట్టలారేసే మిషను బెల్టు తెగింది. మెకానిక్కు రేపుగానీ రాడట. ఆరింటికి రేవు నుంచి జనం ఒకేసారి పడతారు, ఒక్క పొడి తువ్వాలు లేదు. ఎండ ఇంకా గంట ఉంది, గాలి కూడా ఉంది. డాబా మీద వేస్తావా?"

"ఇప్పుడే పని దిగాను అక్కా. కాసేపాగి..."

"కాసేపాగితే ఎండ పోతుంది. ఒంట్లో బాగోలేదా? బాగోలేకపోతే చెప్పు, నేనే పోతాను."

ఆ చివరి మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు. నిజంగానే ఆమె వెళ్ళేది. కాని గిల్మాన్ చెవికి అందులో బల్ల మాటే వినిపించింది. రేపు డాక్టరమ్మకు నిజం చెప్పబోతున్నాడు. ఈ ఒక్కరోజు మల్సున్ ముందు గోడలా నిలబడితే చాలు.

"నాకేం రోగం. ఇవ్వండి బుట్ట."

లాగు మీద పాత కోటు తగిలించుకున్నాడు. బుట్ట భుజానికెత్తుకున్నాడు. మూడు అంతస్తుల మెట్లు మధ్యలో రెండుసార్లు ఆగి ఎక్కాడు. డాబా తలుపు తోయగానే రేవు మీద నుంచి గాలి తిన్నగా వచ్చి కోటు లోపల దూరింది.

ఏం జరుగుతోందో అతనికి అంతా తెలిసింది. అదే అతని విద్య. ముందు చర్మం బిగిసింది. తర్వాత వేళ్ళు, కాళ్ళు, కడుపు. ఎవరో ఒళ్ళంతా తిరిగి కవాటాలు ఒక్కొక్కటే మూసుకుంటూ వస్తున్నట్టు తెలిసింది. పదకొండు గంటలు తెరుచుకున్న గొట్టాలన్నీ ఒక్కసారి పిడికిలయ్యాయి. వాటికి ఎదురు గుండె ఒకటే తోస్తోంది. ఆరు రోజులుగా ఊపిరితిత్తుల్లో ఊరుతూ వచ్చినది ఇప్పుడు పొంగుతోంది. లెక్కలో తప్పు ఎక్కడుందో అప్పుడు చూశాడు. మాత్ర మనిషితోపాటు మెట్లెక్కి వస్తుంది. వేడి కిందనే ఉండిపోతుంది.

దిగిపోవచ్చు. దిగలేదు. తువ్వాలు తీసి విదిలించి తాడు మీద వేశాడు. ఇంకొకటి. వాటి అంచులు సమానంగా ఉండేట్టు చూశాడు. పదకొండు వేశాడు. పన్నెండోదాంట్లో నీళ్ళు ఇంకా కారుతున్నాయి. రెండు పిడికిళ్ళతో పట్టుకుని గట్టిగా పిండాడు. గొంతులో నీళ్ళు గలగలమన్నాయి. దాన్ని అలాగే బుట్టలో పెట్టి, పిట్టగోడ పక్కన మెట్టు మీద కూర్చుని కాళ్ళు కిందికి వేలాడేశాడు. కాళ్ళు కిందికి ఉంటే ఛాతీ మీద బరువు తగ్గుతుంది. అది ఎవరూ నేర్పలేదు, తనే కనిపెట్టాడు. కొంచెం తగ్గింది కూడా. కాసేపు కూర్చుని లేద్దామనుకున్నాడు. ముందు మోకాళ్ళు, తర్వాత నడుము, చివరికి తల.

అరగంటకు గిల్మాన్ బార్లీ నీళ్ళు చల్లారిపోతున్నాయని సాంగ్‌బోక్ పైకి వచ్చాడు.

"ఏరా, డాబా మీద పడక వేశావా?" అన్నాడు తలుపు దగ్గర నుంచి. దగ్గరికి వచ్చి మెడ మీద వేళ్ళు పెట్టాడు, నాడి లేదు. గడ్డం మీదికి కారిన గులాబీరంగు నురుగును తన ఎప్రాన్ కొసతో తుడిచి, తల పక్కకు వాలిపోకుండా భుజం ఆనించి, అంబులెన్సు వాళ్ళు వచ్చేదాకా అలాగే పక్కన కూర్చున్నాడు.

ఆ సాయంత్రం మల్సున్ వచ్చినవాళ్ళను వచ్చినట్టే తిప్పి పంపింది. మర్నాడు పొద్దెక్కాక ఒక్కతే డాబా ఎక్కింది. తాడు మీద పదకొండు తువ్వాళ్ళూ అట్టల్లా గడ్డకట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి పలకల్లా చంకలో పెట్టుకుంది. బుట్టలో మిగిలిన తడిబట్టలు ఒకే ముద్దగా బిగిసిపోయాయి. వాటి మీద పన్నెండోది విడిగా ఉంది. పిండినవాడు విదిలించకుండా వదిలేసిన మెలికతోనే అది రాయి అయింది. రెండు చివర్లా రెండు పిడికిళ్ళు పట్టిన పట్టు, వేళ్ళ మధ్య సందులతో సహా దిగబడి ఉంది. మల్సున్ దాన్ని పిట్టగోడ మీద ఎండ తగిలే చోట పెట్టింది. మధ్యాహ్నం దాకా ఆ వేళ్ళ గుర్తులు దానిమీద అలాగే ఉన్నాయి.